ఆటయంత్రములకు పునర్జన్మ

1978వ సంవత్సరమున జపాను దేశములో టైటో అను సంస్థ ఒక ఆటయంత్రమును విడుదల చేసెను. దాని పేరు స్పేస్ ఇన్వేడర్స్, అనగా ఆకాశమునుండి దండెత్తి వచ్చినవారు. తెరపైన 5 వరుసలలో, వరుసకు 11 మంది చొప్పున, 55 మంది శత్రువులు నిలిచియుందురు. వారు ఒక్కుమ్మడిగా ప్రక్కకు నడచి, తెర అంచును తాకగానే ఒక మెట్టు క్రిందికి దిగి, మరల ఎదురు దిక్కునకు మరలుదురు. క్రింద ఆటగాని ఫిరంగి యుండును. అది నాలుగు గోడల చాటున అటునిటు జరుగుచు పైకి గుండ్లు ప్రేల్చును. శత్రువులు నేలవరకు దిగివచ్చినచో ఆట ముగిసినట్లే.

ఈ ఆటలో ఒక విశేషము కలదు. మొదట శత్రువులు కాళ్లీడ్చుకొనుచు నడతురు. కొందరు కూలినకొలది మిగిలినవారి నడక వేగమగును. చివరకు ఒక్కడే మిగిలినప్పుడు వాడు తెర ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తును. వారి అడుగుల చప్పుడు కూడ గుండె దడవలె హెచ్చును. గెలుపు దగ్గరపడినకొలది భయము పెరుగుచుండును. ఈ ఆట యొక్క ప్రాణమంతయు ఇందే కలదు.

అయితే ఆట నిర్మాతయగు తొమొహిరో నిషికాడో ఈ వేగవృద్ధిని ముందుగా తలపెట్టి ఏర్పరచినవాడు కాడు. అది యంత్రము యొక్క మాంద్యమునుండి తనంతట తానుగా పుట్టినది. ఆనాటి యంత్రములు నేడు చాల వరకు మూలబడినవి. ఐనను ఆ ఆటను నేటి కంప్యూటరుపైన అదే నడకతో, అదే దడతో ఆడవచ్చును. ఒక యంత్రము యొక్క బలమునే గాక దాని బలహీనతను సైతము మరియొక యంత్రము అనుకరించుట ఎట్లు సాధ్యము? ఈ విద్యకే ఎమ్యులేషను అని పేరు. అట్లు అనుకరించు ప్రోగ్రామును ఎమ్యులేటరు అందురు.

మాంద్యమునుండి పుట్టిన వేగము

స్పేస్ ఇన్వేడర్స్ యంత్రమునకు మెదడు ఇంటెల్ 8080 అను ప్రాసెసరు. ఇది 1974లో వెలువడినది. ఆటయంత్రములో దీని గడియారము సెకనునకు ఇంచుమించు 20 లక్షలసార్లు స్పందించును. ఇది పెద్ద సంఖ్యగా తోచవచ్చును గాని, చేయవలసిన పనిని లెక్కించినచో దాని పేదరికము బయటపడును.

తెరపైన 256 నిలువునకు, 224 అడ్డమునకు చుక్కలు కలవు. మొత్తము 57,344 చుక్కలు. ఒక్కొక్క చుక్క వెలుగుచున్నదా లేదా అని తెలుపుటకు ఒక బిట్టు చాలును. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక తెర అంతటికి 7,168 బైట్ల జ్ఞాపకస్థానము కావలెను. చిత్రము సెకనునకు 60 సార్లు తెరపైకి వచ్చును. అనగా ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును మధ్య ప్రాసెసరునకు దొరకు స్పందనములు సుమారు 33,333 మాత్రమే.

8080 ప్రాసెసరు జ్ఞాపకస్థానములో రెండేసి బైట్లను వ్రాయు ఒక ఆదేశమునకు 11 స్పందనములు పట్టును. ఆ లెక్కన తెరనంతటిని ఒకసారి కేవలము చెరిపివేయుటకే 3,584 ఆదేశములు, 39,424 స్పందనములు కావలెను. ఉన్నవి 33,333. తుడుచుటకే వ్యవధి చాలనిచోట 55 మంది బొమ్మలను ప్రతి చిత్రములోను కదల్చుట ఎట్లు?

నిషికాడో కనిపెట్టిన ఉపాయము సులభమైనది. ఒక్కొక్క చిత్రములో ఒక్క శత్రువును మాత్రమే కదల్చుట. మొదటి చిత్రములో మొదటివాడు, రెండవ చిత్రములో రెండవవాడు అడుగు వేయుదురు. ఈ విధముగా 55 మందియు ఒక అడుగు వేయుటకు 55 చిత్రముల కాలము, అనగా ఒక సెకనుకంటె కొంచెము తక్కువ పట్టును. 11 మంది మిగిలినప్పుడు 11 చిత్రములలోనే ఆ వరుస పూర్తియగును గనుక వారి వేగము ఐదు రెట్లగును. ఒక్కడే మిగిలినచో వాడు ప్రతి చిత్రమునందును అడుగు వేయును. శత్రువుల వేగమును పెంచుమని ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. భారము తగ్గినకొలది యంత్రమే తేరుకొనుచున్నది. నిషికాడో దీనిని గమనించి, దోషమని దిద్దుటకు మారుగా ఆటలోనే నిలుపుకొనెను.

రెండు మార్గములు

ఇట్టి పాత ఆటను నేటి కంప్యూటరుపైన ఆడుటకు రెండు మార్గములు కలవు. మొదటిది తిరిగి వ్రాయుట. ఒక ప్రోగ్రాము రచయిత పాత ఆటను చూచి, దానివంటి క్రొత్త ఆటను నేటి భాషలో వ్రాయును. నేటి ప్రాసెసరునకు 55 మందినే కాదు, 55 వేలమందిని కదల్చుటయు కష్టము కాదు. కావున వేగవృద్ధి దానంతట అది కలుగదు. రచయిత దానిని ఊహించి కల్పింపవలెను. ఎంత జాగ్రత్తగా చేసినను అది చూచి గీసిన చిత్రమే గాని అసలు వస్తువు కాదు.

రెండవ మార్గము ఎమ్యులేషను. ఇందులో ఆటను ఎవరును తిరిగి వ్రాయరు. పాత యంత్రపు చిప్పులలో ఉన్న ప్రోగ్రామును ఒక్క బిట్టు కూడ మార్చక తీసికొని, ఆ ప్రోగ్రాము దేనియందు నడచెనో ఆ యంత్రమునే కంప్యూటరులో నిర్మింతురు. ఆటకు తాను క్రొత్త ఇంటికి వచ్చితినను సంగతియే తెలియదు.

ఒక గణనయంత్రము మరియొక గణనయంత్రము చేయు పనినంతటిని చేయగలదను సిద్ధాంతమును 1936లో ఆంగ్ల గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ నిరూపించెను. 1964లో ఐ.బి.ఎం. సంస్థ తన 360 శ్రేణి కంప్యూటర్లను ప్రకటించినప్పుడు ఈ సూత్రము వ్యాపారమునకును ఉపకరించినది. అంతకుముందు ఆ సంస్థవారి 1401 యంత్రములను కొన్నవారు తమ పాత ప్రోగ్రాములను పారవేయుటకు ఇష్టపడలేదు. అందువలన క్రొత్త శ్రేణిలోని కొన్ని యంత్రములకు పాత యంత్రమువలె నటించు శక్తిని కూడ కల్పించిరి. నాడు జీతముల లెక్కలను కాపాడిన ఉపాయమే నేడు ఆకాశయుద్ధములను కాపాడుచున్నది.

ఎమ్యులేటరు పనిచేయు తీరు

ఒక ఓపికగల గుమాస్తాను ఊహింపుడు. అతని యెదుట మూడు వస్తువులు కలవు. ఒకటి 8,192 బైట్ల ఆదేశములు వరుసగా వ్రాసియున్న పుస్తకము. ఇదియే స్పేస్ ఇన్వేడర్స్ ప్రోగ్రాము. రెండవది 8,192 గళ్లు గల పలక. అందులో 1,024 గళ్లు ఆట లెక్కలకును, 7,168 గళ్లు తెర బొమ్మకును చెందినవి. మూడవది ప్రాసెసరులోని చిన్న సొరుగులను పోలిన కొన్ని పెట్టెలు. 8080లో ఇట్టివి ముఖ్యముగా ఏడు కలవు.

గుమాస్తా పుస్తకములో ఒక బైటును చదువును. దాని విలువ 0 నుండి 255 లోపల ఏదో ఒక సంఖ్యయై యుండును. ఆ సంఖ్యకు అర్థమేమో పట్టికలో చూచును. ఈ పెట్టెలోనిది ఆ పెట్టెలోనికి మార్చుమనియో, ఈ రెండింటిని కూడుమనియో, ఫలితము సున్నయైనచో ఫలానా పుటకు పొమ్మనియో ఉండును. అట్లే చేసి, అసలు ప్రాసెసరునకు ఆ పనికి ఎన్ని స్పందనములు పట్టెడివో ఆ సంఖ్యను ఒక ప్రక్క కూడుచు, తరువాతి బైటునకు పోవును. ఎమ్యులేటరు చేయు ముఖ్యమైన పని ఇంతే. ఈ గుమాస్తాకు ఆటయన నేమో తెలియదు. ఫిరంగిని గాని, శత్రువును గాని ఎరుగడు.

స్పందనములను కూడుట వ్యర్థమైన పని కాదు. అసలు యంత్రములో తెర బొమ్మ సగము గీయబడినప్పుడు ఒకసారి, పూర్తిగా గీయబడినప్పుడు ఒకసారి, ప్రాసెసరునకు ఒక సంకేతము అందును. ఆ సంకేతమును అందుకొనగానే ప్రాసెసరు చేయుచున్న పనిని ఆపి, కిరణము దాటిపోయిన భాగములోని బొమ్మలను మార్చును. అందుచేత గుమాస్తా కూడిక 16,667 వద్దకు చేరగానే ఒక గంటయు, 33,333 వద్దకు చేరగానే రెండవ గంటయు మ్రోగింపవలెను. ఈ గంటలు మ్రోగనిచో ఆట కదలక నిలిచిపోవును.

ప్రాసెసరు వెలుపలనున్న పరికరములను కూడ అనుకరింపవలెను. 8080 ప్రాసెసరు ఒక ఆదేశముతో ఒక బైటును ఒక్క బిట్టు మాత్రమే ప్రక్కకు జరుపగలదు. బొమ్మలను చుక్క చుక్కగా నడపుటకు ఇది చాలదు. అందువలన నిషికాడో ఈ పనికై వేరొక చిన్న వలయమును అమర్చెను. ప్రాసెసరు దానికి ఒక బైటును, ఎన్ని బిట్లు జరుపవలెనో ఆ సంఖ్యను అందించినచో అది వెంటనే జరిపి యిచ్చును. ఈ వలయమును గూర్చి తెలియక వ్రాసిన ఎమ్యులేటరులో శత్రువుల రూపములు చెదరిపోవును. కావున ఎమ్యులేటరు వ్రాయువాడు ప్రాసెసరు పట్టికను చదివిన చాలదు. యంత్రపు పలకపైని తీగలను కూడ అనుసరించి పోవలెను.

తప్పులను కూడ తప్పక వ్రాయుట

తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాసిన మన లేఖకులు, మాతృకలో ఎట్లున్నదో అట్లే వ్రాసితిమనియు, తప్పులున్నచో తమను దూషింపవలదనియు గ్రంథాంతమున చెప్పుకొనుట పరిపాటి. ఎమ్యులేటరు పాటించు ధర్మమును ఇదియే. పాత ఆటలలో దోషములుగా కనబడునవి పెక్కు ఆటకు అంగములై పోయినవి.

స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో అప్పుడప్పుడు తెర పైభాగమున పళ్లెమువంటి ఓడ యొకటి పోవును. దానిని కూల్చినచో వచ్చు గుణములు అదృష్టముపై ఆధారపడినవని మొదట ఎల్లరు తలచిరి. నిజమునకు అవి ఆటగాడు అప్పటివరకు ప్రేల్చిన గుండ్ల సంఖ్యపై ఆధారపడినవి. 23వ గుండుతోను, తరువాత ప్రతి 15వ గుండుతోను కూల్చినచో అత్యధికముగా 300 వచ్చును. గుండ్లను లెక్కించు ఆటగాండ్రు దీనిని కనిపెట్టిరి. మరియొక చిత్రము కలదు. శత్రువుల బాణములు వారి పాదములకు కొంత క్రిందుగా పుట్టును. కావున ఫిరంగికి సరిగా పైవరుసవరకు దిగివచ్చిన శత్రువు వేయు బాణము ఫిరంగికి తగులదు. శత్రువులను కావలెననియే అంతవరకు రానిచ్చి, ఆపైన వరుసగా కూల్చు సాహసమునకు జపానులో నగోయా పట్టణము పేరిట నగోయా దాడి యని పేరు వచ్చినది. చూచి వ్రాసిన ఆటలో ఈ రెండును ఉండకపోవచ్చును. ఎమ్యులేటరులో మాత్రము ఎవరును ప్రత్యేకముగా పెట్టకయే ఉండును. ఏలయన నడచుచున్నవి అవే ఆదేశములు.

స్పేస్ ఇన్వేడర్స్ తరువాత ఈ కాల్పుల ఆటలు త్వరగా పెరిగినవి. నామ్కో సంస్థవారి గెలాక్సియన్ 1979లోను, గెలాగ 1981లోను, కొనామీ సంస్థవారి గ్రేడియస్ 1985లోను, ఐరెమ్ సంస్థవారి ఆర్-టైప్ 1987లోను వచ్చినవి. యంత్రముల శక్తితో పాటు తెరపైని గుండ్లును పెరిగినవి. గ్రేడియస్ వంటి ఆటలలో శత్రువులు మూగినప్పుడు ప్రాసెసరు ఒక చిత్రపు వ్యవధిలో పని ముగింపలేక రెండు చిత్రముల కాలము తీసికొనును. ఆట అంతయు నీటిలో నడచినట్లు మందగించును. ఆటగాండ్రు ఈ మందగతిని వరముగా గ్రహించి, ఆ క్షణములలోనే గుండ్ల నడుమ దారి వెదకుకొనుట నేర్చిరి. ఎమ్యులేటరు స్పందనముల లెక్క తప్పి ప్రాసెసరును ఉన్నదానికంటె చురుకుగా నడపినచో ఆ మందగతి మాయమగును, ఆట ఇంకను కఠినమగును. వేగము ఎక్కువగుటయు ఇచ్చట దోషమే.

చిత్రముల లయయు ఇట్టిదే. ఆర్-టైప్ యంత్రము సెకనునకు 60 కాక ఇంచుమించు 55 చిత్రములను చూపెడిది. సాధారణమైన నేటి తెర 60 చూపును. అప్పుడు ప్రతి 11 చిత్రములలో ఒకదానిని రెండుసార్లు చూపవలసివచ్చి, కదలిక తడబడును. లేదా ఆటనే తొమ్మిది శాతము వేగముగా నడపవలెను. మొదటిది కంటికి, రెండవది ఆటకు అపచారము. ఆటను బట్టి తమ లయను మార్చుకొనగల తెరలు వచ్చిన తరువాతనే ఈ చిక్కు విడినది.

ప్రోగ్రాములో లేనివి

ఎమ్యులేషనునకు హద్దులు లేకపోలేదు. స్పేస్ ఇన్వేడర్స్ చప్పుళ్లు ప్రోగ్రాములో లేవు. ప్రాసెసరు ‘ఇప్పుడు గుండు చప్పుడు’ అని ఒక తీగను మీటును; చప్పుడును పుట్టించునది నిరోధకములతోను, విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లతోను కూర్చిన వలయము. అంకెలు లేని ఈ వలయములను అనుకరించుట, అంకెలతో నడచు ప్రాసెసరును అనుకరించుటకంటె కష్టము. అందుచేత చాలకాలము ఎమ్యులేటర్లు అసలు యంత్రమునుండి రికార్డు చేసిన చప్పుళ్లను సమయమునకు వినిపించుటతో తృప్తి చెందెను.

రంగులు కూడ అంతే. ఆ తెర నలుపు తెలుపుల తెర. దానిపై అంటించిన రంగు సెల్లొఫేను పట్టీలచేత ఫిరంగి పచ్చగా కనబడెడిది. నిలువుపెట్టె రకపు కొన్ని యంత్రములలో తెరబొమ్మను అద్దము ద్వారా, చంద్రుని చిత్రించిన అట్టపైన తేలునట్లు చూపెడివారు. ఇవి ఏ చిప్పులోను వ్రాయబడి యుండవు. ఎవరైన యంత్రమును చూచి, కొలిచి, చిత్రము తీసి దాచవలెను. ప్రోగ్రామును మాత్రమే దాచిన, పాట దొరికి రాగము తప్పినట్లగును.

మరణించుచున్న చిప్పులు

ఈ శ్రమ అంతయు ఎందులకని అడుగవచ్చును. యంత్రములున్నవి గదా, వానినే కాపాడరాదా? వానికి ఆయువు తక్కువ. ఆ కాలపు అనేక యంత్రములలో ప్రోగ్రాములు ఈప్రామ్ అను చిప్పులలో ఉండెడివి. వానిలో ఒక్కొక్క బిట్టు, విద్యుత్తును పోనీయని పొర నడుమ బంధింపబడిన కొద్దిపాటి విద్యుదావేశము. చిప్పు నెత్తిపైనున్న చిన్న గాజు కిటికీగుండ అతినీలలోహిత కిరణములు పడినచో అది చెరిగిపోవును. కిరణములు సోకకున్నను దశాబ్దములు గడచినకొలది ఆ ఆవేశము కారిపోవచ్చును. ఒక్క బిట్టు మారినను ఆట ఎక్కడనో కూలును.

1985లో గ్రేడియస్ ఆటకు కొనామీ సంస్థ వాడిన పద్ధతి మరింత విచిత్రమైనది. అందు ప్రోగ్రాము అయస్కాంతపు పొరలోని సూక్ష్మమైన బుడగల రూపమున ఉండెడిది. దానిని బబుల్ మెమరీ అనిరి. అది వెచ్చబడినగాని పనిచేయదు. యంత్రమును మీటగానే అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుచుండగా, ఒక మధురమైన ఉదయరాగము వినిపించుచు, అది వేడెక్కువరకు ఆటగాడు వేచియుండవలెను. ఇట్టి పలకలలో నేడు పనిచేయునవి అరుదు.

కొన్ని యంత్రములకు మరణము ముందుగనే నిర్ణయింపబడి యుండెను. 1993లో కాప్‌కామ్ సంస్థ ప్రవేశపెట్టిన సి.పి.ఎస్.-2 అను పలకలో ప్రోగ్రాము గూఢలిపిలో ఉండెడిది. దొంగప్రతులను అరికట్టుట దీని ఉద్దేశము. గూఢలిపిని విప్పు తాళపుచెవి ఒక చిన్న బ్యాటరీ బలముతో నిలిచియుండెడిది. బ్యాటరీ అయిపోగానే తాళపుచెవి చెరిగి, చెడని చిప్పులతోనే ఆట మూగపోవును. 1996 నాటి 19ఎక్స్ఎక్స్, 1999 నాటి గిగా వింగ్, 2001 నాటి ప్రొగియర్ అను మంచి కాల్పుల ఆటలు ఈ పలకపైనే వచ్చినవి. ఎమ్యులేటరు నిర్మాతలు ఓపికతో శోధించి 2007 నాటికి ఆ గూఢలిపి సూత్రమునే విప్పిరి. అది విప్పియుండనిచో పలకలతో పాటు ఆటలును పోయెడివి.

ఈ రంగమున పేరెన్నికగన్నది మేమ్ అను ఎమ్యులేటరు. ఇటలీ దేశస్థుడగు నికోలా సల్మోరియా దీనిని 1997 ఫిబ్రవరిలో మొదట విడుదల చేసెను. పిమ్మట అనేక దేశములవారు దానికి చేయి కలిపిరి. 2016లో దాని మూలము ఎల్లరు చదివి, వాడుకొనదగిన స్వేచ్ఛా పద్ధతికి మారినది. ఆటలను ఆడించుటకంటె, యంత్రములు ఎట్లు పనిచేసెనో రాతపూర్వకముగా నిలుపుటయే దాని ముఖ్యోద్దేశము. ఆట సరిగా నడచుట ఆ రాత సరిగా ఉన్నదనుటకు నిదర్శనము మాత్రమే.

చిప్పునుండి తీసిన ప్రతి నిజమైనదో కాదో తెలియుటకు దాని బైట్లన్నిటినుండి ఒక పెద్ద సంఖ్యను గణింతురు. అది వ్రేలిముద్రవంటిది. ఒక్క బిట్టు మారినను ఆ సంఖ్య పూర్తిగా మారును. వేర్వేరు పలకలనుండి తీసిన ప్రతుల ముద్రలు సరిపోలినచో ఆ ప్రతి నమ్మదగినది. చదువుటకు వీలులేక మూసియుంచిన చిప్పుల విషయమున మరింత సాహసము కావలెను. పైనున్న గట్టి పొరను ఆమ్లముతో కరగించి, లోపలి సిలికాను ముక్కను సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రము తీయుదురు. కొన్ని రకముల చిప్పులలో బిట్లు కంటికి కనబడు గుర్తులుగా ఉండును. వానిని ఒక్కొక్కటిగా చదివి ప్రోగ్రామును తిరిగి వ్రాసికొందురు. ఈ పనిలో చిప్పు చచ్చును, అందులోని రాత బ్రదుకును.

వ్రేలికిని తెరకును నడుమ

ఎంత నమ్మకముగా అనుకరించినను, ఆటగాడు ఒక లోపమును మొదటి నిమిషములోనే పసికట్టును. మీట నొక్కిన క్షణమునకును, ఫిరంగి కదలిన క్షణమునకును మధ్య ఆలస్యము. పాత యంత్రములో మీట తీగ ప్రాసెసరును చేరుటకును, కిరణము తెరపై చుక్కను వెలిగించుటకును నడుమ అడ్డంకులు స్వల్పము. నేటి కంప్యూటరులో మీట కదలిక ముందుగా వ్యవస్థకు అందవలెను. గీసిన చిత్రము వరుసలో నిలువవలెను. తెర దానిని తన పద్ధతికి మార్చుకొనవలెను. ఒక చిత్రపు కాలము సెకనులో 60వ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీసెకనులు. ఇట్టివి ఐదు చేరినచో 83 మిల్లీసెకనుల ఆలస్యము. చదరంగములో దీనిని గమనింపము. గుండ్ల వాన నడుమ ఇది ప్రాణాంతకము.

దీనికి కనుగొన్న ఒక విరుగుడు చమత్కారమైనది. ఎమ్యులేటరులో పాత యంత్రము యొక్క స్థితి అంతయు కొన్ని వేల సంఖ్యలే. స్పేస్ ఇన్వేడర్స్ విషయమున 8,192 గళ్లు, కొద్దిపాటి పెట్టెలు. ఆ సంఖ్యలను దాచి, మరల తెచ్చి పెట్టినచో యంత్రము అదే క్షణమునకు వచ్చును. ఈ సౌకర్యముతో ఆటగాండ్రు కఠినమైన ఘట్టమును మరల మరల అభ్యసింతురు. ఆలస్యమును తగ్గించుటకును ఇదియే సాధనము. మీట నొక్కగానే ఎమ్యులేటరు స్థితిని దాచి, రెండు మూడు చిత్రములను తెరకు చూపక లోలోపలనే నడపి, రాబోవు చిత్రమును ముందుగనే చూపి, తిరిగి వెనుకటి స్థితికి వచ్చును. 2018లో రెట్రోఆర్చ్ అను ప్రోగ్రాములో ఈ పద్ధతి ప్రవేశించినది. ఒక్కొక్క చిత్రపు వ్యవధిలో పాత యంత్రమును పలుమార్లు నడపగల శక్తి నేటి ప్రాసెసర్లకు ఉండుటచేతనే ఇది సాధ్యమైనది.

హక్కుల చిక్కు

యంత్రమును అనుకరించుట ఒకటి, అందు నడచు ఆటను పంచిపెట్టుట వేరొకటి. ఎమ్యులేటరు నిర్మించుటకై అసలు యంత్రపు ప్రోగ్రామును పరిశీలించుట న్యాయమేనని 2000వ సంవత్సరమున అమెరికాలో సోనీ, కనెక్టిక్స్ సంస్థల వివాదమున అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆటల హక్కులు మాత్రము వాని యజమానులవే. వారి అనుమతి లేక ప్రతులను పంచుట చట్టవిరుద్ధము. పాత ఆటలను యజమానుల అనుమతితో అమ్మువారును కలరు. జపానులోని హాంస్టర్ సంస్థ 2014 నుండి ఆర్కేడ్ ఆర్కైవ్స్ అను శ్రేణిలో ఇట్టి ఆటలను వెలువరించుచున్నది. 1996 నాటి బాటిల్ గరెగ్గ అను కాల్పుల ఆటను 2016లో ఎం2 అను సంస్థ ఎంతయు శ్రద్ధతో తిరిగి తెచ్చినది.

కాని అంగడిలో దొరకునవి కొన్నియే. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలను పరిశీలించిన వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, వానిలో 87 శాతము కొనుటకు లభించుట లేదని 2023లో ప్రకటించెను. గ్రంథాలయములు తమయొద్దనున్న ఆటలను దూరముననున్న పరిశోధకులకు చూపుటకు అనుమతి కోరగా, 2024లో అక్కడి ప్రభుత్వము నిరాకరించెను. యజమాని అమ్మడు, గ్రంథాలయము చూపరాదు, పలక నిలువదు. ఈ మూడింటి నడుమ చిక్కిన ఆటను ఈనాటికి ఉత్సాహవంతుల శ్రమయే కాపాడుచున్నది.

నిషికాడో యంత్రమునకు సుమారు 50 ఏండ్లు కావచ్చినది. దానికంటె ఎన్నో వేల రెట్లు చురుకైన కంప్యూటరు నేడు దాని వేషము వేసినప్పుడు, సెకనులో అధికభాగము ఏ పనియు లేక ఊరక వేచియుండును. మందముగా నడచుటకై అది తన వేగమును అణచుకొనుచున్నది. అందుచేతనే 54 మంది కూలిన తరువాత 55వ వాడు నాడు ఎట్లు పరుగెత్తెనో నేడును అట్లే పరుగెత్తుచున్నాడు.